పది జబ్బులు కావాలి

నమోదు 1. గడువుకు నలభై రోజులు

గట్టు వైద్యకళాశాల ఎంపిక సంఘం పెద్దలకు నమస్కారం. దరఖాస్తుతోపాటు సన్నాహ దినచర్య కూడా జతపరచాలని, అందులో కొట్టివేతలు ఉన్నా పర్వాలేదుగానీ అబద్ధాలు ఉండకూడదని రాశారు. సరేనండి. మొదటి నిజం చెప్పేస్తున్నాను. ఈ పుస్తకం మూడు వారాల కిందటే మొదలుపెట్టాల్సింది. ఎండురొయ్యల పనిలో పడి ఇవాళ మొదలుపెడుతున్నాను.

నా పేరు సంగాడి లోవకుమారి. వయసు ఇరవై ఆరు. ఊరు తెప్పలూరు. మూడువందల పన్నెండు తెప్పలు, ఒకదానికొకటి తాళ్ళతో కట్టి ఉంటాయి. మా పాత ఊరు మా కిందే, నీళ్ళలో ఉందట. పొద్దున్నే లేచి మా తెప్పకు నాలుగు మూలలా తాళ్ళు బిగిస్తాను. వాననీళ్ళు పట్టడానికి పరిచిన గుడ్డ పిండి నీళ్ళు కుండకెత్తుతాను. తర్వాత నేనూ మామ్మా వంతులవారీగా జబ్బులు చూసే అద్దం ముందు నిలబడతాం. మాది పాత అద్దం, నాలుక చూపించమని రెండేసిసార్లు అడుగుతుంది. ఒంట్లో ఏ తేడా ఉన్నా చీటీ కొడుతుంది. మధ్యాహ్నానికల్లా డ్రోను వచ్చి మందు పడేసి పోతుంది. మొన్న మా మామ్మకు ‘ఉప్పుచేప తగ్గించాలి’ అని చీటీ వస్తే, ఆవిడ అదే చీటీలో ఉప్పుచేప పొట్లం కట్టుకుంది.

చూడ్డానికి అద్దం చాలుగానీ వినడానికి మనిషే కావాలని మీరు పెట్టిన వైద్యశ్రోత పీజీకి నేను దరఖాస్తు చేస్తున్నాను. నీటి ఊళ్ళన్నిటికీ కలిపి మూడేళ్ళకోసారి ఒక్క సీటు. వయసు ఇరవై ఏడు దాటకూడదు. అంటే నాకిదే మొదటి ప్రయత్నం, ఇదే ఆఖరుది. మా ఊరి శ్రోత కరుణమ్మ సిస్టరుగారు వచ్చే ఏడు గట్టు మీద ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోతున్నారు. నాకు సీటు రాకపోతే మా ఊళ్ళో అద్దాలు తప్ప ఎవరూ మిగలరు.

ప్రవేశపరీక్ష అయిపోయింది, నూటికి ఎనభై ఒకటి వచ్చాయి. ఎముకల పాఠమంతా చేపలు కోస్తూ బట్టీపట్టాను. మనిషికి మొప్పలుండవన్న సంగతి పరీక్షలో గుర్తుకురాక రెండు మార్కులు పోయాయి. సిస్టరుగారి వెంట తిరగాల్సిన రెండువందల గంటల్లో నూట అరవై పూర్తయ్యాయి. ఆ నలభై గంటలు కాక ఇక మిగిలినవి రెండు. తెప్పపెద్ద ఇవ్వాల్సిన సిఫారసు ఉత్తరం ఒకటి. రోగులు తమ సొంతమాటల్లో చెప్పుకుని, కింద వేలిముద్ర వేసిన పది కథనాలు రెండోది. అద్దం చీటీలు చెల్లవట.

పది జబ్బులేగా, ఓ వారంలో అయిపోతుందనుకుంటున్నాను.

నమోదు 2. గడువుకు ముప్ఫైమూడు రోజులు

వారమైంది. ఒక్కటీ రాలేదు.

మాకో పట్టింపు ఉందండి. నీటి మీద ఉన్నంతసేపూ ఒంట్లో బాగోలేదని నోటితో అనకూడదు. అంటే గంగమ్మ విని, వీడు ఎలాగూ పనికిరాడు, నాకిచ్చేయండి అంటుందట. పూర్వం వేటకెళ్ళినవాళ్ళు కడుపునొప్పొచ్చినా పళ్ళబిగువున పట్టి, ఒడ్డున కాలుపెట్టాకే ‘అమ్మో’ అనేవాళ్ళట. రెండు రోజుల వేటకు అది బాగానే ఉండేది. మేం నలభైరెండేళ్ళుగా నీటి మీదే ఉన్నాం. ఒక్కరూ ‘అమ్మో’ అనలేదు.

సిస్టరుగారు ఇక్కడ ఇరవై ఏళ్ళుగా శ్రోతగా ఉన్నారు. ఆవిడ విన్నదల్లా ‘చల్లగా ఉన్నామండి’ అన్న ఒక్క ముక్క. మిగతాదంతా ముఖాలు చూసి కనిపెట్టేస్తారు. మీ కాగితంలో ముఖాలకు గడి లేదు.

ఇవాళ రొయ్యల గంప దగ్గర అచ్చియ్యమ్మత్తను పట్టుకున్నాను. ఆవిడ కుంటుతూ వచ్చి, మూలుగుతూ కూర్చుని, నడుం పట్టుకుని ఒక పక్కకు ఒరిగింది.

“ఏంటత్తా, నడుం నొప్పా?”

“నాకా? నాకేటే, గుండ్రాయిలా ఉన్నాను.”

“మరి అలా ఒరిగిపోయావేం?”

“తెప్ప ఒరిగిందేమో చూసుకో ముందు,” అంది. “నీ చదువు బంగారం గానూ, నా నోట అలాటి మాట అనిపిత్తావేంటే? గట్టెక్కినాక చెప్తాలే.”

ఈ వారంలో ఇరవైమందిని అడిగాను. ఇరవైమందీ గట్టెక్కాక చెబుతామన్నవాళ్ళే. గట్టు ఇక్కడికి నూటపది కిలోమీటర్లు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నమోదు 3. గడువుకు ముప్ఫై రోజులు

వాళ్ళు గట్టెక్కరు. గట్టే ఇక్కడికి రావాలి. ఈ ముక్క నాకు తాడు బిగిస్తుండగా తట్టింది. తాడు వదిలేసి ఇంట్లోకి పరుగెత్తాను. తెప్ప కొంచెం పక్కింటివైపు జారిందిగానీ అది వేరే సంగతి.

మా ఊళ్ళో మట్టి ఉన్నది ఒక్కచోటే, మా మామ్మ కరివేపాకు పీపాలో. ఊరు మునిగిన రోజు అందరూ గిన్నెలూ బిందెలూ ఎత్తుకుంటే మామ్మ రెండు గోతాల మట్టి ఎత్తుకుందట. ఇప్పుడు మూడువందల ఇళ్ళ తాలింపులకు ఆ చెట్టే గతి. నేను అందులోంచి సగం మట్టి తొట్టిలో పోసి, జనం చేత దానిలో కాళ్ళు పెట్టిస్తానన్నాను. మామ్మ చీపురు ఎక్కడుందా అని చూసింది.

“అందరి కాళ్ళూ కడిగిన మట్టి మళ్ళీ నా చెట్టుకి పోత్తావా? ఆ ఆకు పులుసులో ఏసుకుని తినాలా?”

“కాళ్ళు కడుక్కుని వచ్చాకే పెట్టమంటాను.”

“చెట్టు చచ్చిపోద్దే.”

“చెట్టుకు సగం చాలు మామ్మా. సిస్టరుగారు వెళ్ళిపోతే నీ మాట వినేదెవరు చెప్పు?”

“నాకేం మాటలున్నాయే,” అంటూ మామ్మ చాలాసేపు ఆకులు దూసింది. తర్వాత తనే తట్ట తెచ్చి, వేళ్ళు తెగకుండా చుట్టూ మట్టి తవ్వి తొట్టిలో పోసింది. పైన రెండు చేతులతో చదును కూడా చేసింది. నేను ఆవిణ్ణి గట్టిగా వాటేసుకుంటే విసుక్కుంది.

నమోదు 4. గడువుకు ఇరవైఏడు రోజులు

తొట్టెడు మట్టి గట్టు కిందకు వస్తుందా రాదా అన్నదాని మీద ఇవాళ సంత తెప్ప మీద పంచాయితీ జరిగింది. రాదని సగంమంది. వస్తుందిగానీ చెప్పులు విప్పాలని పావువంతు. మిగతావాళ్ళు వేయించిన వేరుశనక్కాయల కోసం వచ్చినవాళ్ళు.

మా తెప్పపెద్ద ఓలేటి కామేశుగారు, మేమందరం పెద్దయ్య అంటాం, గడ్డం గోక్కుంటూ అంతా విన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఏ తాడు ఎప్పుడు తెగుతుందో చెయ్యివేసి చెప్పేస్తారు. ఆయన మాటంటే మాటే.

“గట్టంటే ఇంత ఉండాలని ఎక్కడైనా రాసుందేటండి?” అన్నారు. “మనిషి నిలబడ్డానికి రెండు పాదాలంత చోటు చాలు. రెండు పాదాలు పట్టింది గట్టే. అమ్మాయ్ లోవా, కానియ్.”

మా మామ్మ ముందుకొచ్చి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, రెండు కాళ్ళూ మట్టిలో పెట్టింది. కళ్ళు మూసుకుంది. కాలివేళ్ళు మట్టిలోకి కదిలాయి.

“నాకు ఒంట్లో బాగోలేదు,” అంది మామ్మ.

అందరూ నీళ్ళవైపు చూశారు. ఏమీ కాలేదు. మామ్మ కళ్ళు తెరిచి, నావైపు తిరిగి, “రాసుకో” అంది. మూడు గంటలు చెప్పింది. నలభైరెండేళ్ళ జబ్బులు వరసాగ్గా చెప్పింది. మట్టి గోతాలు మోసిన రోజు పట్టిన నడుంనొప్పి దగ్గర మొదలుపెట్టి పోయినవారం మొద్దుబారిన చెయ్యి దాకా వచ్చి, మధ్యలో రెండుసార్లు మజ్జిగ తాగింది. నాకు రాసి రాసి చెయ్యి పడిపోయింది. ఒకటి అయింది, ఇంకా తొమ్మిది. ఇంత సంతోషం నాకు పరీక్ష మార్కులొచ్చిన రోజున కూడా లేదు.

నమోదు 5. గడువుకు పందొమ్మిది రోజులు

అరవైమూడు.

తొట్టి దగ్గర పొద్దుటినుంచీ వరస. కాళ్ళు కడుక్కోవడానికి ఒక బిందె, తుడుచుకోవడానికి ఒక గోనెపట్టా. జబ్బు చెప్పుకునేవాళ్ళకంటే వినేవాళ్ళు ఎక్కువ. ఎవరో ఒకాయన గుండెల్లో మంట అనగానే వెనకనుంచి “నాక్కూడానండోయ్” అని పదిమంది. ఎవరి తలనొప్పి పెద్దదో పందేలు వేసుకుంటున్నారు. అచ్చియ్యమ్మత్త నడుంనొప్పిని పాటలా చెప్పింది. వరస మొత్తం చప్పట్లు కొట్టింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారో ఇన్ని జబ్బులు!

పెద్దయ్య కూడా వచ్చారు. వరసలో మూడు గంటలు నిలబడ్డారు, ముందుకు రమ్మన్నా రాలేదు. తన వంతు వచ్చాక మట్టిలో కాళ్ళు పెట్టి, చుట్టూ చూసి, గొంతు సవరించుకున్నారు.

“జలుబమ్మా,” అన్నారు.

“అంతేనా పెద్దయ్యా?” అని నవ్వి, జలుబు అని రాసి, తర్వాతవాళ్ళను పిలిచాను. అప్పటికి యాభై దాటాయి. నాకు అంకెలే కనిపిస్తున్నాయి.

నమోదు 6. గడువుకు పదకొండు రోజులు

ఘోరమైన తప్పు చేశానండి.

అరవైమూడింటిలోంచి పది ఎంపికచేసి, ఆ పదిమంది పేర్లూ సంత తెప్ప మీద మేకుకు తగిలించాను, వేలిముద్రలకు రమ్మని. వాళ్ళొస్తారనుకున్నాను. మిగతా యాభైముగ్గురూ వచ్చారు.

“నా మోకాలు మీ కాలేజీకి ఆనలేదన్నమాట,” అన్నాడు పడవలకు జిగురు పూసే సోమరాజు మావయ్య.

“వాళ్ళింట్లో పైత్యానికి సీటిచ్చి మా ఇంట్లో పైత్యానికి ఇవ్వవా? మా పైత్యం ఏం తక్కువయ్యిందే?” అని ఇంకొకావిడ.

అచ్చియ్యమ్మత్త పేరు పదిలో లేదు. నాకు రొయ్యలు అమ్మడం మానేసింది. నేను వెళ్ళేసరికి గంప మీద గుడ్డ కప్పేసి, ఆకాశంకేసి చూస్తూ కూర్చుంది. నలభైరెండేళ్ళు నోరు మెదపనివాళ్ళకు ఒకసారి మెదిపాక ఇక అది మూతపడటం లేదు. మామ్మ మాత్రం తన పేరు మొదట ఉన్నందుకు రోజూ సంతకు వెళ్ళి ఆ కాగితం చదువుకుని వస్తోంది.

ఉత్తరం కోసం పెద్దయ్య దగ్గరకు వెళ్ళాను. ఆయన తాడు పేనుతున్నారు. తల ఎత్తలేదు.

“జలుబు మనిషి ఉత్తరం చెల్లుద్దేటమ్మా?” అన్నారు మెల్లగా.

అంత మాట ఆయన నోట వస్తుందనుకోలేదు. కాళ్ళబేరానికి వచ్చాను, బతిమాలాను. పదకొండో కథనంగా జలుబును జతపరుస్తానన్నాను. ఆయన ఇంకో పాయ కలిపి తాడు పేనుతూనే ఉన్నారు. ఆ ఉత్తరం లేకపోతే నా దరఖాస్తు తెరిచి కూడా చూడరని మీ కాగితంలోనే ఉంది.

నమోదు 7. గడువుకు ఏడు రోజులు

కరుణమ్మ సిస్టరుగారి వెంట తిరగాల్సిన గంటల్లో ఆఖరివి ఇవాళ పూర్తిచేశాను. మందుల డబ్బాలు సర్దుతూ నా గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఈ ముసలాయన ఒక్క జలుబుకోసం నా జీవితం పాడుచేస్తున్నాడన్నాను. అవును, అలాగే అన్నాను. అబద్ధాలు రాయకూడదన్నారు కదా.

సిస్టరుగారు డబ్బా మూత పెట్టారు.

“ఆయన వరసలో ఎంతసేపు నిలబడ్డారన్నావు?”

“మూడు గంటలండి.”

“డెబ్బై ఏళ్ళాయన, ఎండలో, జలుబు చెప్పుకోడానికి మూడు గంటలు నిలబడ్డాడా అమ్మా?”

చుట్టూ చూసి గొంతు సవరించుకున్న ఆ మనిషి ముఖం నాకు అప్పుడు కనిపించింది. ఆ రోజు ఆయన వెనకాల నలభైమంది చెవులు రిక్కించుకుని ఉన్నారు. నేను నవ్వాను.

నమోదు 8. గడువుకు ఆరు రోజులు

మధ్యాహ్నం తొట్టిని చిన్న పడవలోకి ఎత్తుకుని, ఒక్కదాన్నే తెడ్డు వేసుకుంటూ పెద్దయ్య తెప్పకు వెళ్ళాను. ఉత్తరం కోసం రాలేదని చెప్పాను. ఉత్తరం మాట ఎత్తితే తెడ్డుతో కొట్టమన్నాను. ఆయన నవ్వారు. తొట్టి దించడానికి చెయ్యి వేశారు.

నేను పుస్తకం తెరవలేదు. ఆయన మట్టిలో కాళ్ళు పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. తర్వాత మొదలుపెట్టారు. ఎండ వాలేదాకా చెప్పారు. ఒకచోట ఆగి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నేను మధ్యలో అడిగింది మూడే మూడు ప్రశ్నలు.

అయ్యాక ఆయన, “ఇది ఎక్కడా రాయకమ్మా,” అన్నారు.

రాయనన్నాను.

సంఘం పెద్దలారా, దాచకుండా చెబుతున్నాను. అది రాస్తే నా పది కథనాల్లో అదే మొదట ఉంటుంది. అద్దానికి అందనిది, మనిషి మనిషికి చెప్పుకునేది అంటే ఏంటో మీకు ఒక్క పేజీలో తెలిసిపోతుంది. తిరిగొస్తూ పడవలో నాలుగు వాక్యాలు మనసులో రాసేసుకున్నాను కూడా. చాలా బాగా కుదిరాయి. ఇంటికొచ్చి, పుస్తకం ముందు పెట్టుకుని, అన్నం చల్లారిపోయేదాకా కూర్చున్నాను. మామ్మ వచ్చి ఏం రాశావని పుస్తకంలోకి తొంగిచూసింది.

“ఏమీ లేదు మామ్మా.”

అదీ ఇవాళ్టి నమోదు.

నమోదు 9. గడువుకు ఒక రోజు

పెద్దయ్య పొద్దున్నే మనిషిచేత కబురు పంపారు, ఉత్తరం అంటించి నేరుగా డ్రోనుకు ఇచ్చేశానని. అందులో ఏముందో తెలియదు. పది కథనాలకూ వేలిముద్రలు పడ్డాయి. మిగతా యాభైముగ్గురి పేర్లూ ‘వీరు కూడా సహకరించారు’ అని ఒక పొడుగు కాగితం మీద రాసి సంతలో తగిలించాను. ఊరు శాంతించింది. అచ్చియ్యమ్మత్త తన పేరు చూసుకుని, రొయ్యలు తూచి, పైన గుప్పెడు కొసరు వేసింది.

ఈ పుస్తకం నకలు కూడా ఇప్పుడే పంపుతున్నాను. సెలవు.

నమోదు 10. దరఖాస్తు పంపిన ఇరవైరెండో రోజు

ఇకనుంచి ఈ పుస్తకం నాదే కాబట్టి నాకోసం రాసుకుంటున్నాను.

ఇవాళ ఇంటర్వ్యూ. మాకు సిగ్నల్ సరిగ్గా అందేది సంత తెప్ప మీదే, అదీ మధ్యాహ్నం పూటే. తెరలో సంఘం పెద్దలు ముగ్గురు, నా వెనకాల మూడొందలమంది. ఎవరూ నాకోసం వచ్చినట్టు కనిపించకూడదని తలో గంపా పట్టుకున్నారు. పెద్దయ్య ఓ మూల ఎప్పుడో తూచేసిన చేపల్ని మళ్ళీ తూస్తున్నారు.

తెరలో మధ్యనున్న పెద్దావిడ ముందు నా మార్కుల గురించి అడిగారు. మొప్పల సంగతికి నవ్వారు. తర్వాత ఒక కాగితం తీశారు.

“మీ తెప్పపెద్ద రాసిన ఉత్తరం. ఇలాంటి సిఫారసు నేను ఇంతవరకూ చూడలేదు. చదవనా?”

తలాడించాను. ఆవిడ చదివారు.

“అయ్యా, అమ్మా. నేను ఓలేటి కామేశుని. ఉత్తరాలు రాయడం నాకు చేతకాదు. ఈ లోవ మా కళ్ళముందు పెరిగిన పిల్ల. ఈతొచ్చు, ముడెయ్యడం వచ్చు, నోరు కాత్త ఎక్కువ. మొదటిసారి నా మాట చెప్పుకుందామని ఎల్తే జలుబని రాసి పంపేసింది. రెండోసారి తనే వచ్చి పొద్దు వాలేదాకా కూకుంది. అప్పుడు నేనొక సంగతి చెప్పి ఎక్కడా రాయొద్దన్నాను. తన పుస్తకం మీ దగ్గరికి వత్తాది కదా. అందులో నా సంగతి ఉందేమో చూడండి. ఉంటే ఈ పిల్లకి సీటు ఇవ్వకండి. లేకపోతే ఆలస్యం చెయ్యకండి.”

ఆ నాలుగు వాక్యాలూ, ఆ చల్లారిన అన్నమూ గుర్తొచ్చాయి.

“మేం ముగ్గురం మీ పుస్తకం రెండేసిసార్లు చదివాం,” అన్నారు పెద్దావిడ. “ఎనిమిదో నమోదు నాలుగుసార్లు చదివాం.”

పక్కనున్న కళ్ళజోడాయన ముందుకు వంగారు. “ఇంతకీ ఆయన ఏం చెప్పారమ్మా? మాలో మాట, ఇది రికార్డులో ఉండదు.”

“ఆయన్నే అడగండి సార్,” అన్నాను. “వెనకాలే ఉన్నారు. ఒకే చేపను అరగంటనుంచీ తూస్తున్నారు.”

మూడొందలమందీ గొల్లున నవ్వారు. పెద్దయ్య తక్కెడ కింద పెట్టేశారు. కళ్ళజోడాయన కూడా నవ్వి వెనక్కి వాలారు. పెద్దావిడ ఉత్తరం మడతపెట్టి, “ఆలస్యం చెయ్యొద్దన్నారుగా,” అని ఆశ్వయుజంలో తరగతులు మొదలని, దుప్పటి మాత్రం తెచ్చుకోవాలని చెప్పారు.

ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు తెలియదు. ఎవరో నన్ను నీళ్ళలోకి తోసేశారు. వెనకే పాతికమంది దూకారు. మామ్మ తెప్ప మీద నిలబడి అందరినీ తిడుతూ ఏడ్చింది.

నమోదు 11. మర్నాడు పొద్దున్న

మట్టి మళ్ళీ చెట్టుకు పోసేద్దామని తొట్టిని ఇంట్లోకి లాగుతుంటే అచ్చియ్యమ్మత్త వచ్చింది. గంప లేదు. గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసింది. ఆవిడ వెనక, కాస్త ఎడంగా, సోమరాజు మావయ్య. ఆయన వెనక ఇంకో నలుగురు, ఒకళ్ళతో ఒకళ్ళకు సంబంధం లేనట్టు తలోవైపు చూస్తూ నిలబడ్డారు.

“తొట్టి ఉంచే. ఇక్కడే, తలుపేసి,” అంది అత్త.

“కథనాలు అయిపోయాయి కదత్తా. సీటు కూడా వచ్చేసింది.”

“నీ సీటు సంగతి ఎవరికి కావాలే? మొన్న వరసలో చెప్పింది ఊరు నవ్వుకోడానికి. అసల్ది నేనింకా ఎవరికీ చెప్పలేదు.”

తలుపు వేశాను. అత్త కాళ్ళు కడుక్కుని మట్టిలో పెట్టింది. నోరు తెరవబోయి, నా చేతిలో ఉన్న ఈ పుస్తకంకేసి చూసి ఆగిపోయింది. మూసేస్తున్నాను.